అంగి చెయ్యి

డాక్టర్ సుదర్శన్ ఊరికే నవ్వే మనిషి కాదు. విరిగిన ఎముక అనుకున్నట్టు అతుక్కుంటే ఒకసారి, వద్దన్నా వినకుండా రోగి బండి నడుపుకుంటూ వస్తే తిట్టబోయి ఒకసారి నవ్వుతాడు. అంతే. అలాంటిది ఆ సోమవారం పొద్దున జగిత్యాల దవాఖానలో, బల్ల మీద ఒక్క ఎక్స్‌రే కూడా లేకుండానే నవ్వుతూ కూర్చున్నాడు. ఆయన ముందు నలభై నాలుగు కాగితాల కట్ట ఉంది. ఆ కాగితాలన్నీ కృపారాణి నింపినవే.

కృపారాణిది కోరుట్ల. ఫిజియోథెరపీ చదివి రెండేళ్లుగా ఈ దవాఖానలోనే పనిచేస్తోంది. శుక్రవారం సిరిసిల్లలో, శనివారం కోరుట్లలో, దవాఖానవాళ్లు అద్దెకు తీసుకున్న గదుల్లో కసరత్తు చేయిస్తుంది. మెడ కింది ఎముక విరిగినవాళ్లూ, భుజం కీలు ఊడినవాళ్లూ ఆమె దగ్గరికి వస్తారు. వేళ్లు చూసి వీళ్లు బీడీలు చేస్తారు, వీళ్లు సాంచాలు నడుపుతారు, వీళ్లు పసుపు తవ్వుతారు అని చెప్పేస్తుంది. సాంచాలంటే సిరిసిల్లలో మరమగ్గాలు. మనిషిది మెత్తని నోరు, చేతిపట్టు మాత్రం గట్టిది. కసరత్తుకు వచ్చిన ముసలివాళ్లు ఆ నోటిని నమ్మి చెయ్యి ఇచ్చి, తర్వాత లబోదిబోమంటారు.

ఈ ఫారాల సంగతి డాక్టరుగారు మూడు నెలల కింద మొదలుపెట్టాడు. దెబ్బ తగిలి ఆరు నెలలు దాటినవాళ్లను పన్నెండు ప్రశ్నలు అడగాలి. తల దువ్వుకోగలుగుతున్నారా, చొక్కా వేసుకోగలుగుతున్నారా, నిండు బిందె ఎత్తగలుగుతున్నారా, సజ్జ మీది వస్తువు అందుకోగలుగుతున్నారా, దెబ్బ తగిలిన పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారా, ఇలా. ఒక్కో ప్రశ్నకు నాలుగు మార్కులు. హైదరాబాదులో ఎవరో చక్కని తెలుగులో రాసి పంపిన ఫారం. కృపారాణి దాన్ని ఫోనులో ఒక్కొక్కరికీ చదివి వినిపించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు గడుల్లో టిక్కు పెట్టింది. ఒక్క గడి ఖాళీగా వదల్లేదు. ఆ విషయంలో ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

"కూర్చో కృపా. చూసినవా? నలభై ఎనిమిదికి సగటున నలభై ఆరు! పెద్ద పెద్ద దవాఖానలల్ల కూడ గిన్ని రావు," అన్నాడు సుదర్శన్. "నిద్ర కాడ ఒక్కటే అందరికి మార్కులు పోయినయ్. మంచి మెత్త ఏసుకోమని చెప్దాం తియ్."

"సార్, మరి శుక్రవారం వచ్చెటోళ్ల చేతులు చెవు దాంక కూడ లేస్తలేవు గద?"

"నీకు లేస్తలేవని కనిపిస్తది. వాళ్లకు పని నడుస్తున్నది. మనం చూసింది కాదు, వాళ్లు చెప్పిందే లెక్క. అందుకే గదా ఈ ఫారాలు పెట్టింది? ఎక్స్‌రే అబద్ధం ఆడదు, గని ఎక్స్‌రేకు అంగి తొడుక్కునుడు తెల్వదు. అది మనిషినే అడగాలె."

ఎక్స్‌రేకు అంగి తొడుక్కోవడం తెలియదన్న ఆ మాట కృపారాణికి ఎప్పుడు విన్నా నచ్చుతుంది. అది నచ్చే ఆమె ఈ పనికి ఒప్పుకుంది. అందుకే ఎదురు చెప్పలేకపోయింది.

"ఇగ సిరిసిల్ల అర్రతోని మనకు పనిలేదు," డాక్టరు కట్టకు రబ్బరు బ్యాండు వేస్తూ అన్నాడు. "గింత మంచిగైనంక కసరత్తు ఎవలికి? నెలాఖరుకు ఖాళీ చేద్దాం. లసుమవ్వది ఒక్క ఫారం మిగిలింది గదా, రేపు పోయి అది తీసుకరా. గురువారం కట్ట మూసేద్దాం."

కృపారాణి కట్ట చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది. తను నేర్పిన కసరత్తుకే ఇన్ని మార్కులు వచ్చాయంటే ఎగిరి గంతేయాలి. కానీ సిరిసిల్ల గది మూతపడితే అక్కడివాళ్లు చెయ్యి చూపించుకోవడానికి జగిత్యాల దాకా రారు. ఒక పూట పని పోగొట్టుకుని ఎవరొస్తారు? రాకపోతే ఏడాది తిరిగేసరికి గూడ, అంటే భుజం, పట్టేస్తుంది. ఒకసారి పట్టేశాక దాన్ని విడిపించడం డాక్టరు తరమూ కాదు, తన తరమూ కాదు. అన్నంలో రాయి తగిలినట్టు ఏదో తగులుతూనే ఉంది, వేలు పెట్టి తీద్దామంటే దొరకలేదు.

*

లసుమవ్వ ఇల్లు కోరుట్లలో కృపారాణి వాళ్లింటికి రెండు సందుల అవతలే. ఆమె ఫోను ఎందుకు ఎత్తడం లేదో మంగళవారం పొద్దున అక్కడికి వెళ్లగానే తెలిసింది. ఫోను బియ్యం డబ్బాలో ఉంది. నీళ్లలో పడితే బియ్యంలో పెట్టమని ఎవరో చెప్పారట. పెట్టి నెల రోజులైంది. తీయమని ఎవరూ చెప్పలేదట.

లసుమవ్వ అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఎనిమిది నెలల కింద ఆటోలోంచి జారిపడి ఎడమ వైపు మెడ కింది ఎముక విరగ్గొట్టుకుంది. మోచేతులు రెండూ ఒంటికి ఆనించి చేసే పని కాబట్టి చాట ముందు ఆమెకు లోటేమీ కనబడదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం వేసి, ఇటు చూస్తూనే అటు ఒక బీడీ పూర్తయిపోతోంది.

కృపారాణి చెప్పులు విడిచి పక్కన కూర్చుని ఫారం తీసింది. మొదటి ప్రశ్న ఉన్నదున్నట్టు చదివింది. "పెద్దమ్మా, మీకు నొప్పులు ఏమైనా వస్తున్నాయా?"

లసుమవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. మరుక్షణం ఆమె పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఓ కళ్యాణీ, ఇన్నవా! గీ పిల్ల నాకు నొప్పులు వస్తున్నయా అని అడుగుతున్నది. గీ వయసుల నాకు నొప్పులేందే బిడ్డా? ఇప్పుడు కంటనా ఏంది నేను!"

లోపల్నుంచి కోడలు కళ్యాణి నవ్వు వినిపించింది. కృపారాణికి కూడా నవ్వాగలేదు. "గా నొప్పులు కాదు పెద్దమ్మా. గూడ గుంజుతున్నదా అని."

"గుంజకుంటె ఎట్ల? గుంజుతది, సలుపుతది. గది నొప్పి కాదు గద, దెబ్బ తాకినంక ఉంటది మరి."

నవ్వుతూనే ఆ గడిలో ఏం పెట్టాలో తోచక కృపారాణి కింది ప్రశ్నలకు వెళ్లింది. ఈసారి ఫారం భాష పక్కన పెట్టి తన భాషలోనే అడిగింది. "జడ ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న."

"రవిక?"

"తొడుక్కుంటున్న."

"నిండు బిందె ఎత్తుతున్నవా?"

"నీళ్లు లేకుంట ఇల్లెట్ల నడుస్తది బిడ్డా? ఎత్తుతున్నం."

"సజ్జ మీది సామాను?"

"తీస్తున్నం."

"దెబ్బ తాకిన పక్కకు తిరిగి పంటున్నవా?"

"అబ్బో, గది మాత్రం నాతోని కాదు. ఎనిమిది నెలల సంది గోడ దిక్కు మొఖం పెట్టలే."

నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు, సున్నా. కృపారాణి సున్నా చుడుతుండగా కళ్యాణి దువ్వెనా కొబ్బరినూనె సీసా పట్టుకుని వచ్చింది. మెట్‌పల్లిలో బట్టల షాపులో పనిచేస్తుంది, బస్సు తొందరలో ఉంది. "అత్తా, జల్ది ఇటు తిరుగు, జడ ఏసి పోత," అంటూ వెనక కూర్చుని ముడి విప్పేసింది. లసుమవ్వ చాట దించకుండానే తల అటు అప్పగించింది.

కృపారాణి పెన్ను ఆగిపోయింది. "పెద్దమ్మా, జడ ఏసుకుంటున్న అన్నవు గద?"

"అన్న."

"అక్క ఏస్తున్నది గద మరి?"

చదువుకున్న పిల్లకు ఇంత చిన్న సంగతి ఎందుకు తెలియలేదా అని లసుమవ్వ జాలిగా చూసింది. "అయితే ఏసుకుంటలేనా? ఇరబోసుకొని తిరుగుతున్ననా?"

"బిందె నేను తెస్త, సజ్జ మీదియి మీ అన్న తీస్తడు, రవిక నేనే తొడుగుత," అంది కళ్యాణి పాయలు విడదీస్తూ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు, కాస్త గొప్పే ఉంది. "మా అత్తకు ఏం తక్కువ చేస్తున్నం చెప్పు? ఏ పని ఆగుతలేదు."

ఏ పనీ ఆగడం లేదు. నిజమే. కృపారాణి ఆ సాయంత్రం ఇంట్లో చాప మీద నలభై నాలుగు ఫారాలూ పరిచింది. మార్కులు ఎక్కడ పోయాయో వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. పదకొండో ప్రశ్న. మళ్లీ పదకొండో ప్రశ్న. మళ్లీ అదే. పన్నెండింటిలో పదకొండో ప్రశ్న ఒక్కటే నిద్ర గురించినది. మొదటిదైన నొప్పుల ప్రశ్నకు లసుమవ్వలాగే అందరూ నొప్పులేం లేవన్నారు. జడ ఒకరికి ఒకరు వేస్తారు, బిందె ఒకరి బదులు ఒకరు మోస్తారు. ఒకరి నిద్ర మాత్రం ఇంకొకరు పోలేరు. ఇల్లంతా కలిసి ఎంత కాచుకున్నా, ఆ ఒక్క ప్రశ్న దగ్గర మనిషి ఒంటరిగా దొరికిపోయాడు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. తనే వాళ్ల మాట తప్పుగా విన్నది. "చేస్తున్నం" అంటే ఇల్లు చేస్తోందని అర్థం. తను ఆ మార్కులు ఒక్క భుజానికి వేసేసింది. ఖాళీ గడి ఒక్కటి కూడా లేదని మురిసిపోయినందుకు ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

వాటిలో అన్నిటికంటే ఎక్కువ మార్కుల కాగితం సిరిసిల్లలో సాంచాలు నడిపే ఆనందం అనే ఆయనది. నలభై ఎనిమిదికి నలభై ఏడు. ఆ ఫోను ఎత్తింది ఆయన కాదు, ఆయన భార్య రాజవ్వ. షెడ్డులో సాంచాల చప్పుడుకు ఆయనకు వినబడదని చెప్పి, అన్నిటికీ ఆమే జవాబు చెప్పింది.

*

బుధవారం వేములవాడ మీదుగా బస్సులో వెళ్లి సిరిసిల్లలో దిగేసరికి పది దాటింది. ఆనందం వాళ్లది బీవై నగర్ వెనక సందు. ఇంటిని ఆనుకునే రేకుల షెడ్డు, అందులో నాలుగు సాంచాలు. ఏడు నెలల కింద స్కూటరు మీద నుంచి కుడి భుజం మీద పడ్డాడు. మెడ కింది ఎముక భుజాన్ని కలిసేచోట కీలు ఊడింది. మూడు శుక్రవారాలు కసరత్తుకు వచ్చి మానేశాడు.

షెడ్డు గుమ్మంలో నిలబడి పిలిచినా ఎవరికీ వినబడలేదు. వినబడకపోవడమే మంచిదైంది. కృపారాణి చాలాసేపు అక్కడే నిలబడి చూసింది.

ఆనందం సాంచాల మధ్య సందులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒక సాంచా ఆగింది. కండెలో నూలు అయిపోయింది. ఎడమ చేత్తో, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె తీసి, నిండు కండె ఉన్న నాడె పెట్టి, ఎడమ చేత్తోనే హ్యాండిలు నెట్టాడు. సాంచా నడిచింది. కుడి చెయ్యి లుంగీ మడత దగ్గరే ఉంది. ఇంకో సాంచాలో పోగు తెగింది. అది పట్టాలంటే బట్ట మీదుగా ముందుకు వంగి చెయ్యి బారగా చాపాలి. ఆయన ఆ వైపు చూశాడు, అంతే. గోడ దగ్గర కండెలు చుడుతున్న రాజవ్వ పిలవకుండానే లేచింది. సాంచా వెనక్కి వెళ్లి తెగిన కొస వెతికి తెచ్చి, ముందుకొచ్చి, వంగి, కొక్కెంతో లాగి ముడి వేసింది. తిరిగి వెళ్లి కండెల ముందు కూర్చుంది. కూర్చునేముందు తన కుడి భుజాన్ని ఎడమ చేత్తో ఒకసారి గట్టిగా పిసుక్కుంది. కృపారాణి చూస్తుండగానే అలా ఐదుసార్లు లేచింది. ఐదుసార్లూ వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట లేదు, ఒక్క సైగ లేదు.

అప్పుడు చూసింది రాజవ్వ. "అయ్యో, మేడమచ్చింది!" అని సాంచాలు ఆపించింది. చెవుల్లో హోరు మిగిలి, అందరూ కాసేపు అవసరం లేకపోయినా అరుచుకుంటూ మాట్లాడారు.

ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాక కృపారాణి ఫారం తీసింది. ఆనందం ఫారం చూడగానే ముఖం ముడుచుకున్నాడు. కసరత్తు గదిలో గోడ మీద వేళ్లు పాకించమంటే, బయట చాయ్ తాగేవాళ్లు కిటికీలోంచి చూసి నవ్వారని ఆయన మానేసిన మనిషి.

"నాలుగు సాంచాలు దినమంత నడుస్తున్నయ్ మేడం. చెయ్యి రాకుంటె ఎట్ల నడుస్తయ్?"

"నడుస్తున్నయ్ కాకా, నేను సూసిన. ఎవల చెయ్యితోని నడుస్తున్నయ్ అని అడుగుతున్న."

ఆ ప్రశ్న ఫారంలో లేదు. కృపారాణి అనుకుని అడిగింది కూడా కాదు, నోటికి వచ్చేసింది. రాజవ్వ చీర కొంగు సర్దుకుంది.

గోడకు రెండు మేకులున్నాయి. ఒకటి పాతది, మనిషి తల కంటే పైన, రంగులో కలిసిపోయి ఉంది. రెండోది కొత్తది, రొమ్ము ఎత్తున, చుట్టూ సున్నం పెచ్చు లేచి ఉంది. ఆనందం తెల్ల అంగి కొత్త మేకుకు వేలాడుతోంది. "గా కింది మేకు ఎవలు కొట్టిన్రు చిన్నమ్మా?" అడిగింది కృపారాణి.

"నేనే కొట్టిన. పైది అందుతలేదని దినాం లొల్లి పెడుతుండె." రాజవ్వకు నవ్వొచ్చింది. ఇక ఆగలేదు. "అంగి తీసుకుంటడు, గంతే. తొడిగేది నేను. అంగి చెయ్యి ఎనుక పట్టుకొని నిలబడాలె, ఈయన మెల్లగ గూడ జొనుపుతడు. ముప్పై ఒక్క ఏండ్ల కాపురం బిడ్డా. పొద్దుగాల లేస్తె షెడ్డుకు ఉరుకుడు, మాపటికి తినుడు, పండుడు. గీ మనిషి నా ముందట రెండు నిమిషాలు ఊకె నిలబడింది ఎన్నడన్న ఉన్నదా? ఇప్పుడు దినాం నిలబడుతుండు, బడికి పోయే పోరగాని లెక్క. గుండీలు కూడ పెట్టిపిచ్చుకుంటడు."

"నీ నోటికి తాళం లేదు," అన్నాడు ఆనందం చెవులు ఎర్రబడి.

"ఫోన్ల మరి తొడుక్కుంటుండు అన్నవు గద చిన్నమ్మా?"

"అంగి లేకుంట తిరుగుతుండా ఏంది?"

కృపారాణి ఈసారి నవ్వలేదు. లేచి వెళ్లి రాజవ్వ కుడి చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి పైకెత్తు." చెయ్యి చెవి దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. రాజవ్వ పళ్ల బిగువున "స్స్" అంది. ఇద్దరి చేతుల పని ఒక చెయ్యి ఏడు నెలలుగా చేస్తోంది. ఆ చేతికి ఎక్స్‌రే లేదు, ఫారం లేదు. పడితే దెబ్బ అంటారు, పనికి అరిగితే ఏ దవాఖానా పేరు రాసుకోదు.

ఆనందం కుర్చీలోంచి ముందుకు వంగాడు. "నీకెప్పటి సంది? నాకెన్నడు చెప్పకపోతివి?"

"నన్నెవలడిగిన్రు?" అంది రాజవ్వ. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాటగా అంది. అందుకే ఆయనకు ఎక్కువ తగిలింది. ఎడమ చేత్తో గడ్డం రుద్దుకుంటూ చాలాసేపు కింది మేకు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చే శుక్రవారం వస్త మేడం," అన్నాడు చివరికి. "ఇద్దరం వస్తం. సాంచాలు గా పూటకు ఆగనీ."

"నెలాఖరుకు గా అర్ర మూస్తున్నరు కాకా."

"ఎందుకు?"

"మీరందరు మంచిగైన్రట. మీరే చెప్పిన్రు గద, నలభై ఎనిమిదికి నలభై ఏడు."

ఆనందం భార్య వైపు చూశాడు. రాజవ్వ ఆయన వైపు చూసింది. "మరి ఇప్పుడు మల్ల చెప్తె రాసుకుంటవా?" అన్నాడు ఆయన.

"నువ్వు చెప్పిందే లెక్క కాకా," అంటూ కృపారాణి కొత్త ఫారం తీసింది. ప్రతి ప్రశ్న కిందా పెన్నుతో ఒక గీత కొట్టి, ఆ గీత ముందు "ఎవల చెయ్యితోని?" అని రాసుకుంటూ పోయింది. ఒక్కొక్కటే అడిగింది. ఆనందం ఒక్కొక్కటే చెప్పాడు. కొన్నిటి దగ్గర ఆయనకే తెలియలేదు, ఆలోచించి "గిది కూడ ఈమెనే" అన్నాడు. రాజవ్వ మొదట వద్దు వద్దు అంది, తర్వాత మెల్లగా కుర్చీ దగ్గరికి జరిగి వింటూ కూర్చుంది. కూడితే పంతొమ్మిది వచ్చింది.

*

గురువారం డాక్టర్ సుదర్శన్ నవ్వడం లేదు. "ఫారం మార్చుడు తప్పు కృపా. ఒక ఊళ్ల ఒక తీరు, ఇంకో ఊళ్ల ఇంకో తీరు అడిగితే ఇగ దాన్ని దేనితోని పోలుస్తం?"

"ప్రశ్న మార్చలే సార్. కింద గీత కొట్టి ఇంకోటి రాసిన." ఆమె పాత ఫారాలు ఒకదాని పక్కన ఒకటి బల్ల నిండా పరిచింది. "మార్కులు ఏడ పోయినయో ఒక్కసారి సూడున్రి. అందరికి పదకొండుల్నే. నిద్రల్నే. మిగిలినయన్ని ఇంట్ల ఇంకొకలు చేసేటియి సార్. నిద్ర ఒక్కటే ఎవలు చేసిపెట్టలేరు."

డాక్టరు కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఒక ఫారం చూశాడు. రెండోది చూశాడు. తర్వాత వేగంగా చూశాడు, తర్వాత మెల్లగా. కృపారాణి లసుమవ్వ సంగతి చెప్పింది. "జడ ఏసుకుంటున్న అన్నది సార్. కోడలేస్తున్నది గద అంటె, ఇరబోసుకొని తిరుగుతున్ననా అని నన్నే అడిగింది."

సుదర్శన్ పెద్దగా నవ్వాడు. గది బయట ఉన్న నర్సు తొంగి చూసేంత పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మను ఫోన్ల దినాం అడుగుత," అన్నాడు. "అన్నం వండుకున్నవా అంటే వండుకున్న అంటది. పెగడపల్లిల ఒక్కతే ఉంటది. ఎవలు వండుతున్నరో నేనెన్నడు అడగలే."

డాక్టరు ఫారాలు కట్టగట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఆ కట్ట ఆమెకే తిరిగి ఇచ్చాడు. "నలభై ఐదు మంది ఇండ్లకు పో. ఫోన్ల వద్దు. నీ గీత కూడ ఉంచు, దాని మార్కులు ఏరే రాస్తం. సిరిసిల్ల అర్ర ఉండనీ." గుమ్మం దాకా వెళ్లిన ఆమెను మళ్లీ పిలిచాడు. "గా రాజవ్వను కూడ కసరత్తుకు రమ్మను. ఫారం లేకుంటేంది, చెయ్యైతే ఉన్నది గదా."

*

ఆ తర్వాత పదకొండు శుక్రవారాలు గడిచాయి. సిరిసిల్ల గది కిటికీకి పాత చీర పరదా వచ్చింది. తెచ్చింది రాజవ్వ, కట్టింది కృపారాణి. పరదా పడ్డాక ఆనందం గోడ మీద వేళ్లు పాకించడానికి మొహమాటపడలేదు. ఎంత ఎత్తు పాకితే అక్కడ కృపారాణి పెన్సిలుతో గీత పెట్టేది. పక్కనే రాజవ్వ గీతలు. రెండు నెలలు తిరిగేసరికి ఇద్దరికీ పోటీ మొదలైంది. ఇంటికి పోయాక కూడా ఆ పోటీ నడిచిందని గోడలు చూస్తే తెలుస్తుంది.

ఆఖరి ఫారం ఇంటి దగ్గరే నింపాలి. పన్నెండో శుక్రవారం పొద్దున్నే కృపారాణి వాళ్లింటికి వెళ్లేసరికి సాంచాలు ఇంకా మొదలవలేదు. ఆనందం స్నానం చేసి బనీను మీద ఉన్నాడు. ముందు రాజవ్వే చెయ్యెత్తి చూపించింది. చెవి దాటి నేరుగా పైకి పోయింది, "స్స్" అనలేదు. పోగు తెగితే ఈమధ్య ఆయనే పట్టుకుంటున్నాడట. కింది మేకు గోడలో లేదు, దాని గుంట మాత్రం ఉంది. తెల్ల అంగి పైన పాత మేకుకు వేలాడుతోంది.

"పైన ఉన్న వస్తువు అందుకుంటున్నవా కాకా?"

ఆనందం కుడి చెయ్యి ఎత్తాడు. మెల్లగానే ఎత్తాడు, కానీ చెయ్యి చెవి దాటి, తల దాటి, పాత మేకు దాకా వెళ్లింది. అంగి తీసి ఆమె ముందు పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో గెలిచిన వెలుగు. కృపారాణి నాలుగు వేసింది. కింద గీత మీద "ఆయనదే" అని రాసింది. దువ్వెన, బిందె, నిద్ర, అన్నీ అడిగింది. ఎక్కడో ఒకటి అరా తప్ప అన్నీ నాలుగులే. ఆ పక్కకు తిరిగి ఇప్పుడు బాగానే నిద్రపోతున్నాడట. గురక కూడా పెడుతున్నాడని రాజవ్వ సాక్ష్యం చెప్పింది.

"ఇగ ఒక్కటే మిగిలింది. అంగి ఎవల సాయం లేకుంట తొడుక్కుంటున్నవా?"

రాజవ్వ అప్పటికే అలవాటుగా పక్కకు వచ్చి నిలబడింది. అంగి చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి చాపి, సగంలో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "వస్తది తియ్ బిడ్డా, రాసుకో. ఇగ నాతోని ఏం పని లేదు," అంది నవ్వుతూ. నవ్వింది కానీ, ఖాళీగా మిగిలిన చేతిని ఏం చేయాలో తెలియక కొంగుకు తుడుచుకుంది.

ఆనందం ఆ చెయ్యి వైపు చూశాడు. తన చేతిలోని అంగి వైపు చూశాడు. తర్వాత కృపారాణి వైపు తిరిగి గంభీరంగా అన్నాడు. "రాదని రాయి బిడ్డా."

ఇన్నాళ్లూ మేడం అన్న మనిషి మొదటిసారి బిడ్డా అన్నాడు. కృపారాణి ఆశ్చర్యంగా చూసింది. "గదేంది కాకా! చెయ్యి మేకు దాంక పోయింది గద!"

"పోతది. నాలుగు సాంచాల పని చేస్తది. గని అంగి మాత్రం రాదు. నన్ను చెప్పమన్నరా లేదా? నేను చెప్పిందే లెక్క అన్నవా లేదా? రాయి మరి."

అంగిని రాజవ్వ చేతిలో పెట్టి, ఆమె వైపు వీపు తిప్పి, కుడి చెయ్యి కాస్త వెనక్కి చాపి నిలబడ్డాడు. "పిల్ల ముందట సిగ్గు లేదు గీ మనిషికి," అంది రాజవ్వ. అంటూనే అంగి దులిపి, చెయ్యి వెడల్పు చేసి పట్టుకుంది. ఆయన తొందరపడలేదు. ఆమె కూడా తొందరపెట్టలేదు. భుజం జొనిపాక ఎదురుగా వచ్చి, పై గుండీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది.

కృపారాణి ఫారం వైపు తల వంచుకుంది. చూసింది చూసినట్టు రాయాలి, చెప్పింది చెప్పినట్టు కూడా రాయాలి. గడిలో నాలుగు వేసింది. కింద గీత ముందు "ఎవల చెయ్యితోని?" అని ఉంది. అక్కడ పెన్ను పెట్టి, గుండీలన్నీ పెట్టడం అయ్యేదాకా ఆగి, రాజవ్వ అని రాసింది.